కళ్లజోళ్ల కొట్లో మడత స్టూలు

గది నిండా సోఫాలున్న చోట కూర్చోబోయి నేలమీద పడటం అంత తేలికైన పని కాదు. స్టూలమ్మకి అది సాధ్యపడింది. కొత్తగా తెరిచిన సోఫాల షోరూములో ఒక పక్క ముగ్గురు కూర్చునేది, ఇంకో పక్క వెనక్కి వాలేది, ఎదురుగా లాగితే మంచంలా పరుచుకునేది ఉన్నాయి. ఆ మధ్య ఖాళీలో ఆవిడ తన మడత స్టూలు విప్పి వేసుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. స్టూలు వెనక కాలి దగ్గర మేకు జారింది. ఆవిడ మొదట నిదానంగా ఎడమవైపుకి ఒరిగింది. ఆ తర్వాత అంత నిదానంగా కాదు. కళ్లజోడు ఎగిరి వెళ్లి సోఫా కింద పడి, ఒక కాడ విరగ్గొట్టుకుంది.

సోఫా కొనడానికి వచ్చిన పెద్దాయన ఒకాయన "అయ్యో, ఇన్ని పెట్టుకుని అదేంటమ్మా!" అంటూ చెయ్యందించాడు. ఆవిడ వద్దంది. తనే లేచి, స్టూలు తిరగేసి, మేకుని చెప్పుతో రెండు బాది, నిలబెట్టి, మళ్లీ దానిమీదే కూర్చుంది.

"అయిందా మేడమ్, సర్కస్?" అన్నాడు షోరూము యజమాని. స్టూలమ్మ పనిచేసే ఫోము గోడౌనులో అందరూ అతన్ని సోఫాబాబు అంటారు.

"అయిందండి. ఇక బాకీ సంగతి చూద్దాం."

"ఎవరి బాకీ? మీ దగ్గర ఫోము, రెక్సిను తీసుకున్నది కంపెనీ. ఆ కంపెనీ పోయింది. పోయినవాళ్ల దగ్గర వసూలేంటి మేడమ్, అశుభం!"

"మరి ఈ షోరూము?"

"మా ఆవిడది. బయట కారు చూశారా? అదీ మా ఆవిడదే. ఇల్లూ మా ఆవిడదే."

"కంపెనీ కట్టకపోతే నేను కడతానని మీరు విడిగా పూచీ సంతకం పెట్టారు కదా?"

"పెట్టాను. కాదన్నానా? పట్టుకుపొండి, నా దగ్గర ఏముంటే అది." చేతులు చాచి నిలబడ్డాడు. అతని పేరుమీద అతని పేరు తప్ప మరేమీ మిగల్లేదన్న సంగతి స్టూలమ్మకి ముందే తెలుసు. "మా బావ కూడా పెట్టాడుగా పూచీ? ఆయనకి కళ్లజోళ్ల కొట్టుంది, బంగారం లాంటి కొట్టు, ఆయన పేరుమీదే ఉంది. అక్కడికెళ్లి కూర్చోండి. పడి కళ్లజోడు పగిలినా అక్కడే బాగుచేయించుకోవచ్చు."

పనివాళ్లు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు గానీ సోఫా కూడా కొనకుండా వెళ్లిపోయాడు.

ఈ స్టూలమ్మ ఫోము గోడౌనులో మొదట లెక్కలు టైపు చేసే మనిషి. ఆ రోజుల్లో వసూళ్లకి ఇద్దరు వస్తాదులు వెళ్లేవారు. వాళ్లు వెళ్లి గుడ్లురిమేవారు, అవతలివాళ్లు తలుపేసుకునేవారు, వీళ్లు తలుపుని తిట్టి వచ్చేవారు. ఒకసారి వస్తాదులిద్దరికీ ఒకేసారి జ్వరం వచ్చి, టైపమ్మని పంపారు. ఆవిడకి అప్పుడు చీలమండ వాచి ఉంది, నిలబడలేదు. బాకీదారు ఎలాగూ కుర్చీ వెయ్యడని ఇంట్లోంచి మడత స్టూలు పట్టుకెళ్లింది. గుమ్మం పక్కన వేసుకుని కూర్చుంది. తిట్టలేదు, అరవలేదు, వచ్చేపోయే వాళ్లకి దారిచ్చింది. ఎవరైనా "ఎవరండీ మీరు?" అంటే, "బాకీ కోసం వచ్చానండి" అని ఉన్నమాట చెప్పింది. సాయంత్రం లోపు డబ్బు చేతికొచ్చింది. వస్తాదులు జ్వరం తగ్గి వచ్చేసరికి వాళ్లకి గోడౌనులో మూటలెత్తే పని సిద్ధంగా ఉంది. ఇప్పటికీ ఆవిడ కనిపిస్తే మొహాలు మాడ్చుకుంటారు.

ఆవిడకో పట్టింపు ఉంది. బాకీదారు కుర్చీలో కూర్చోదు, వాళ్ల నీళ్లు తాగదు, ఫ్యాను తనవైపు తిప్పితే జరిగి కూర్చుంటుంది. "వాళ్ల కుర్చీ మెత్తగా ఉంటే మన మాటా మెత్తబడుతుంది" అంటుంది. ఇంకో పట్టింపు, పూచీ రాయించుకునేటప్పుడు. సంతకం పెట్టే మనిషి దగ్గరికి తనే వెళ్లి, నిలబడి, కాగితం మొదటి అక్షరం నుంచి చివరి దాకా పైకి చదువుతుంది. ఆ చదవడంలో ఒక రాగం, ఒక భావం ఏమీ ఉండవు. రైలు స్టేషన్లో ప్రకటనలా ఉంటుంది. రైలు ఎక్కనివాళ్లు ఆ ప్రకటన ఎంత శ్రద్ధగా వింటారో పూచీదార్లూ అంతే శ్రద్ధగా వింటారు.

ఈ ఉద్యోగం వల్ల ఆవిడకి లోకంలో మంచి పేరు రాలేదు. ఒక పెళ్లిలో భోజనాల దగ్గర ఖాళీ కనిపించి ఎవరో పరాయి మనిషి పక్కన కూర్చుంటే, ఆయన రెండు ముద్దలు మింగి, చెయ్యి కడుక్కుని లేచి వెళ్లి, ఒక కవరు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, "ఆలస్యమైంది, ఏమనుకోకండి" అన్నాడు. ఆయనెవరో ఆవిడకి తెలీదు. ఏ బాకీయో అంతకన్నా తెలీదు. కవరు తిరిగిచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అప్పట్నించి చుట్టాలు ఆవిడకి శుభలేఖ పంపుతారు గానీ, మళ్లీ ఫోను చేసి మాత్రం పిలవరు.

సోఫాబాబు చెప్పిన కళ్లజోళ్ల కొట్టు స్టూలమ్మకి కొత్త కాదు. రెండు షట్టర్ల కొట్టు. మొదటి షట్టరు వెనక ఫ్రేముల అద్దాల బీరువాలు, చూపు పరీక్ష చేసే అక్షరాల బోర్డు. రెండో షట్టరు వెనక అద్దాలు అరగదీసే మిషను, దాని పక్కన ఒక బల్ల. కళ్లజోళ్లాయన ఒక్కో షట్టరూ ఒక్కోసారి కొన్నాడు, మధ్యలో చాలా ఏళ్ల గ్యాపుతో. నోట్లో నాలుక లేని మనిషి. ఎదుటివాడి ముక్కుమీద ఫ్రేము సరిగ్గా కూర్చుందా లేదా అన్నదే ఆయనకి ప్రపంచం.

కోర్టు తీర్పు అప్పటికే వచ్చి ఉంది. కంపెనీ కట్టకపోతే, పూచీపడ్డ మనిషి ఆస్తి అమ్మి రాబట్టుకోవచ్చని. నెలాఖరు దాకా గడువు. ఆ తర్వాత రెండు షట్టర్లకీ కోర్టు తాళం పడుతుంది. గోడౌను యజమాని తాళమే వేయించమన్నాడు. స్టూలమ్మకి తాళాలు గిట్టవు. జాలిపడి కాదు, తాళం వేసిన కొట్టు ఎవరికీ డబ్బు సంపాదించిపెట్టదని.

విరిగిన కాడని దారంతో కట్టుకుని, స్టూలు చంకన పెట్టుకుని ఆవిడ కళ్లజోళ్ల కొట్లోకి వెళ్లేసరికి, ఒక కుర్ర డ్రైవరుకి చూపు పరీక్ష జరుగుతోంది. ఆవిడ ఎవరికీ అడ్డం కాకూడదని గోడవారగా వేసుకుని కూర్చుంది. ఆ గోడ అక్షరాల బోర్డున్న గోడని, దారం కట్టిన కళ్లజోడులోంచి ఆవిడకి కనిపించలేదు.

"కింది వరస చదవండి" అన్నాడు కళ్లజోళ్లాయన.

డ్రైవరు కళ్లు చికిలించాడు. "కింద వరస లేదండి. ఒకావిడ ఉంది."

కళ్లజోళ్లాయన తిరిగి చూశాడు. చేతిలో అద్దాల పెట్టె కిందికి దిగింది. డ్రైవర్ని రేపు రమ్మని పంపేశాడు.

"మీరా?"

"నేనేనండి. నోటీసులు రెండు పంపాం. అందాయా?"

"అందాయి." గుమ్మం వైపు చూశాడు. "ఇంట్లో తెలీదు. చిన్నగా మాట్లాడండి."

"నాకు చిన్నగా మాట్లాడటం రాదండి. అందుకే అసలు మాట్లాడను. కూర్చుంటాను."

కూర్చుంది. ఆ పూటంతా కూర్చుంది. ఫ్రేములు చూసుకోవడానికి వచ్చినవాళ్లు అద్దంలో తమ మొహం వెనక ఆవిడ మొహం చూసి, ఏ ఫ్రేమూ నప్పలేదని వెళ్లిపోయారు. మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని కళ్లజోళ్లాయన భార్య వచ్చింది. ఆమె సోఫాబాబుకి స్వయానా అక్క. మనిషి ఇంత, నోరు అంత.

"ఎవరీమె?"

"బాకీ కోసం వచ్చానమ్మా" అంది స్టూలమ్మ. ఆవిడకి అబద్ధం ఆడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

"మాకు బాకీలా? మా ఆయన పాలవాడికి ముందే డబ్బిచ్చి పాలు పోయించుకునే రకం! ఏ కొట్టుకెళ్లబోయి ఏ కొట్టుకొచ్చావో చూసుకో."

"మీ తమ్ముడి కంపెనీ బాకీ అండి."

"అయితే మా తమ్ముణ్ణడుగు! ఇక్కడ కూర్చుని మా వ్యాపారం మీద దుమ్ము పోస్తావేం? లే ముందు!"

స్టూలమ్మ లేవలేదు. ఆ ఇల్లాలు క్యారియరు బల్లమీద దడాలున పెట్టి, లోపలికెళ్లి బకెట్టు, తడిగుడ్డ తెచ్చింది. పొద్దున తుడిచిన కొట్టుని మళ్లీ తుడవడం మొదలుపెట్టింది. స్టూలు చుట్టూ ఒక చుట్టు తుడిచింది, రెండో చుట్టు తుడిచింది. "కాళ్లెత్తు" అంది. స్టూలమ్మ రెండు కాళ్లూ గాల్లోకి ఎత్తి పట్టుకుంది. ఆ ఎత్తిన కాళ్ల కింద ఆమె తీరిగ్గా, గచ్చు అరిగిపోయేట్టు తుడిచింది. ఎంతసేపు తుడిస్తే అంతసేపూ స్టూలమ్మ కాళ్లు అలాగే ఉంచింది. వెనక కాలి మేకు కిర్రుమంది.

"సిగ్గు లేదూ?"

"ఉద్యోగంలో చేరినప్పుడు ఉండేదండి."

"ఊరుకోవే" అన్నాడు కళ్లజోళ్లాయన. ఆ గొంతు ఎంత కొత్తగా ఉందంటే, ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. "ఆవిడ తప్పు కొట్టుకి రాలేదు. నేను పూచీపడ్డాను. మీ తమ్ముడు కట్టకపోతే నేను కడతానని సంతకం పెట్టాను."

"ఎప్పుడు?"

"కంపెనీ పెట్టినప్పుడు. 'బావా, ఇక్కడో సంతకం' అన్నాడు. సాక్షి సంతకం అనుకున్నాను."

ఆమె స్టూలమ్మ మీదికి తిరిగింది. "చూశావా! మోసం చేసి పెట్టించారు! చదువుకోనివ్వకుండా..."

"కాదు" అన్నాడాయన. చెవుల దాకా ఎర్రబడ్డాడు. "ఈవిడ వచ్చి, ఇదిగో ఇక్కడే నిలబడి, మొత్తం చదివి వినిపించింది. నేనే మిషను మీద అద్దం అరగదీస్తూ ఊఁ కొట్టాను. ఆ అద్దం అంచు కొంచెం వంకరొస్తోంది... దాని మీదే ఉంది నా ధ్యాస."

"కళ్లజోళ్లమ్ముకునే మనిషి, చూడకుండా సంతకం పెట్టాడట!" ఆమె నెత్తి కొట్టుకుంది. "ఊరందరికీ చూపు తెప్పిస్తాడట!"

అప్పుడామె ఫోను తీసింది. అందరూ వినేలా స్పీకరు పెట్టింది. స్టూలమ్మ మర్యాదకి గోడవైపు తిరిగింది. గోడ మీద అక్షరాలే ఉన్నాయి, అవి పెద్దవి, ఇంత దగ్గర్నుంచి దారం కళ్లజోడుకి కూడా కనిపిస్తున్నాయి. వినకుండా ఉండటానికి వాటిని చదువుకుంది.

"ఒరేయ్, మీ బావ కొట్టుకి తాళం వేస్తారటరా!"

"తెలుసక్కా. టెన్షన్ పడకు."

"టెన్షన్ పడకా? ఈ రెండు షట్టర్లు తప్ప మాకేముందిరా? బాకీ నువ్వు కట్టు. షోరూము ధగధగలాడుతోందిగా!"

"అది మీ మరదలిదక్కా. తన వ్యాపారంలో నేనెలా వేలు పెడతాను? అయినా బావకి వయసొచ్చింది. ఇంకా ఎన్నాళ్లు ఆ అద్దాలు గీకుతాడు? పోతే పోనీ. మా షోరూముకి వచ్చి కూర్చోమను. తలుపు దగ్గర ఓ కుర్చీ వేయిస్తాను, వచ్చినవాళ్లకి నమస్కారం పెడితే చాలు. నెలకింతని ఇస్తాను. నా సొంత బావ, ఆమాత్రం చూసుకోనా?"

అంత నోరున్న మనిషీ ఫోను కట్ చేసి, బకెట్టులో నీళ్లు రోడ్డుమీద పారబోసి వచ్చింది. క్యారియరు విప్పింది. ఇద్దరికీ పెట్టింది. స్టూలమ్మ మొహం తిప్పుకుని తన సీసాలో నీళ్లు తాగింది.

"నీకు పెట్టను" అంది ఆమె.

"పెట్టినా తిననమ్మా."

భోజనం అయ్యాక కళ్లజోళ్లాయన చాలాసేపు స్టూలమ్మ మొహం వంకే పళ్లు నూరుతూ చూశాడు. చివరికి ఉండబట్టలేక చెయ్యి చాచాడు. "ఇలా ఇవ్వండి దాన్ని."

"దేన్నండీ?"

"ఆ జోడుని! పొద్దున్నించి చూస్తున్నాను, కుడి అద్దం బుగ్గమీద ఉంది. మీరు నా కొట్టు పట్టుకుపోయినా సహిస్తాను గానీ, నా కొట్లో కూర్చుని దారం కట్టిన జోడు పెట్టుకుంటే నాకు తలనొప్పొస్తోంది."

"వద్దండి. బాకీ ఉన్నవాళ్ల దగ్గర నేనేమీ పుచ్చుకోను."

"ఊరికే చేస్తానని ఎవరన్నారు? అందరిదగ్గరా తీసుకున్నట్టే మీ దగ్గరా తీసుకుంటాను. నాలుగెక్కువే తీసుకుంటాను."

ఆవిడ ఇచ్చింది. ఆయన కొత్త కాడ బిగించి, వేడిచేసి వంచి, ఆవిడ ముక్కుమీద పెట్టి చూసి, తీసి, మళ్లీ వంచి, మళ్లీ పెట్టాడు. ఆ కాసేపూ ఇద్దరి మొహాలూ జానెడు దూరంలో ఉన్నాయి, ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోకుండా నానా తంటాలు పడ్డారు. స్టూలమ్మ డబ్బిచ్చింది. ఆయన లెక్కపెట్టుకుని, నిజంగానే నాలుగెక్కువ తీసుకున్నాడు.

"ఇప్పుడు కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది." ఆవిడ మొదటిసారి కొట్టంతా కలయజూసింది. రెండు షట్టర్లూ చూసింది. "ఆ రెండో షట్టరు విడిగా అమ్మితే ఎంతొస్తుందండీ?"

భార్యాభర్తలిద్దరూ ఒకేసారి మిషను వైపు చూశారు.

గోడౌను యజమాని ఒప్పుకోలేదు. "అసలు మాత్రం తీసుకుని వడ్డీ వదులుకోవాలా? ఏంటమ్మా, కళ్లజోడు మారగానే కళ్లలో నీళ్లు కూడా వచ్చాయా?" అని వెటకారం చేశాడు.

"నీళ్లేం లేవండి. తాళం వేయించి, వేలం పెట్టించి, వకీలుకిచ్చి, కోర్టుకి కట్టి, మీకు చివరికి మిగిలేది అసలు. అది కూడా ఎప్పటికో. ఆ అసలేదో వాళ్లే ఈ నెలలో తెచ్చి ఇస్తామంటున్నారు. మీకు తాళం కావాలా, డబ్బు కావాలా?"

"మన కడుపు కొట్టి వాడికి పెడుతున్నావు."

"వాళ్ల కడుపే కొట్టానండి. మొత్తం కొట్టకుండా సగం కొట్టాను, అంతే."

ఆయన నాలుగు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. తర్వాత సరేనన్నాడు.

రెండో షట్టరు అమ్ముడుపోయింది. తాళంచెవులు చేసేవాడొకడు కొన్నాడు. మిషను, బల్ల మొదటి షట్టరు లోపలికి వచ్చి ఇరుక్కున్నాయి. అక్షరాల బోర్డుకీ కుర్చీకీ మధ్య దూరం తగ్గిపోయి, ఎంత చూపు లేనివాడైనా కింది వరస గడగడా చదివేస్తున్నాడని కళ్లజోళ్లాయన బాధ. చివరికి ఎదురుగా అద్దం పెట్టి, బోర్డు అందులో చూపించే ఏర్పాటు చేసుకున్నాడు.

డబ్బు ముట్టినట్టు రసీదు ఇవ్వడానికి స్టూలమ్మ వెళ్లింది. ఆ రోజు కూడా స్టూలు తీసుకెళ్లింది గానీ విప్పలేదు. నిలబడే, మొదటి అక్షరం నుంచి చివరి దాకా పైకి చదివింది. ఈసారి కళ్లజోళ్లాయన మిషను ఆపి, చేతులు కట్టుకుని విన్నాడు. ఆయన భార్య ఆయన్నే చూస్తూ విన్నది, వింటున్నాడా లేదా అని.

"ఇక్కడ ఒక ముక్క అర్థం కాలేదు" అన్నాడాయన. "మా హక్కులన్నీ మీకు సంక్రమిస్తాయంటే?"

"కంపెనీ బాకీ మీరు తీర్చారు కదండీ. మేం పక్కకి జరిగాం, మా స్థానంలోకి మీరొచ్చారు. ఇప్పుడు ఆ కంపెనీ బాకీపడింది మీకు. పక్కన పూచీపడ్డ మీ బావమరిదీ తన వంతుకి మీకే జవాబు చెప్పాలి. మేం ఏమేం అడగొచ్చో, అవన్నీ మీరూ అడగొచ్చు."

"వాడి పేరుమీద ఏమీ లేదు కదండీ."

"లేదండి. కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుంది. ఊరికే అడగాలి."

"నాకు అడగడం రాదు." ఆయన నిజంగానే సిగ్గుపడ్డాడు. "పైగా చుట్టరికం. ఏమని మొదలుపెట్టాలో కూడా తెలీదు."

"ఏమే, తెలీదటే!" అని ఆయన భార్య తనని తనే సంబోధించుకుని నిప్పులు కక్కబోయింది. ఇంతలో స్టూలమ్మ అంది:

"మాట్లాడటం రాకపోతే ఏమైందండీ? కూర్చోవడం వచ్చు కదా? ఆయనే రమ్మన్నాడుగా, మా షోరూముకి వచ్చి కూర్చోమని. నేనూ విన్నాను, గోడవైపు తిరిగి ఉన్నా."

అని మడత స్టూలు బల్లకి ఆనించింది. "అద్దెకి ఇస్తున్నానండి, ఊరికే కాదు. రోజుకి ఒక టీ డబ్బులు. ఇక నేను మీ దగ్గర పుచ్చుకోవచ్చు, మీరు బాకీ లేరు కదా."

కళ్లజోళ్లాయన స్టూలు వైపు చూశాడు. ఆయన భార్య బకెట్టు వైపు చూసింది.

ఆ తర్వాత వారం, గోడౌనులో స్టూలమ్మ చెక్క కుర్చీలో ఇబ్బందిగా కూర్చుని ఉండగా ఫోను మోగింది. అటునుంచి సోఫాబాబు. అరుస్తున్నాడో ఏడుస్తున్నాడో చెప్పడం కష్టం.

"మేడమ్, ఇది న్యాయమా? పొద్దున తలుపు తియ్యగానే మా బావ వచ్చి మీ స్టూలేసుకుని షోరూము మధ్యలో కూర్చుంటున్నాడు! ఎవరడిగినా 'బాకీ కోసం వచ్చానండి' అంటున్నాడు! మా అక్కైతే బకెట్టు తెచ్చి, సోఫాల్లో కూర్చున్న కస్టమర్లని కాళ్లెత్తమని తుడుస్తోంది! మా ఆవిడ ఆ బాకీ సంగతి తేలుస్తావా, ఇంట్లోంచి పోతావా అంటోంది! మీ స్టూలు మీరు పట్టుకుపొండి ముందు! వింటున్నారా? నేనేం చెయ్యమంటారు?"

స్టూలమ్మ కొత్త కాడని చెవి మీద సర్దుకుంది.

"మీ బావగార్ని కాస్త కుడివైపుకి ఒరిగి కూర్చోమనండి, దాని వెనక కాలు వదులు."